ముక్కుగారి మాట

ముక్కుగారికి వాసన పోయి అప్పటికి మూడు నెలలు. ఆ సంగతి తనకు తప్ప నరమానవుడికి తెలియదని ఆయన అనుకుంటున్నాడు.

పోవడం కూడా పెద్ద గొడవ చేసి పోలేదు. వారం రోజులు జ్వరం వచ్చింది, తగ్గింది. ఎనిమిదో రోజు పొద్దున చొక్కా తొడుక్కుని చుట్టల కార్ఖానాకు బయలుదేరాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ వీధి మలుపు తిరగ్గానే మాగిన పొగాకు వాసన ఎదురొచ్చి పలకరించేది. ఆ రోజు మలుపు తిరిగాడు, గేటు దాటాడు, మెట్లెక్కాడు, తలుపు తీశాడు. ఏమీ లేదు. తెరిచిన తలుపు మూసి ఉన్నట్టే అనిపించింది. జలుబు తాలూకు బరువేమోలే, రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాడు. తనకు తాను నచ్చజెప్పుకునేటప్పుడు మనిషిని మించిన వకీలు లేడు.

ఆ కార్ఖానాలో ఆయన చుట్టలు చుట్టడు, అమ్మడు, పద్దులు రాయడు. కాల్చి చెబుతాడు. "అది కూడా ఒక ఉద్యోగమేనా? మా ఆయన పొద్దస్తమానం చేసేది అదే, ఆయనక్కూడా జీతం ఇప్పించండి" అని కొత్తగా చేరిన ప్రతి ఆడమనిషీ ఒకసారి నవ్వుతుంది. ఆయన కాల్చడం ఒక్కసారి చూశాక మళ్ళీ ఆ మాట అనదు.

చుట్ట చేతికి రాగానే ఆయన వెలిగించడు. ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పైఆకు చూస్తాడు. ఈనెలు సన్నగా ఉండాలి, ఆకు మీద పల్చగా నూనె రాసినంత మెరుపు ఉండాలి. తర్వాత వేళ్ళ మధ్య పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా నొక్కుకుంటూ పోతాడు. ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడ ఆకు తక్కువ పడింది, రాయిలా తగిలితే ఎక్కువ పడింది. నోట్లో పెట్టుకునే కొసను చిన్న కత్తెరతో గోరంత కోసి, వెలిగించకుండానే ఒక గుక్క లాగుతాడు. ఎండు పళ్ళ తీపి ఉందో, గడ్డి పచ్చిదనం ఉందో సగం అక్కడే తేలిపోతుంది. అప్పుడు పొడవాటి అగ్గిపుల్ల గీసి, దాని మందు పూర్తిగా కాలిపోయే దాకా ఆగి, మంట అంటకుండా సెగ మాత్రం తగిలేలా చుట్టను తిప్పుతూ కాస్తాడు. పొగ గుండెల్లోకి పోనివ్వడు. నోట్లో తిప్పి, పిసరంత ముక్కులోంచి వదిలి, మిగతాది గాలికి ఇచ్చేస్తాడు. నిమిషానికి ఒక్క గుక్క. తొందర పెడితే ఆకుకు కోపమొచ్చి చేదెక్కుతుందంటాడు. మూడో వంతు కాలాక ఆపేసి, మిగిలిన ముక్కను నలపకుండా పింగాణీ పళ్ళెంలో పెట్టి దాని దారిన దాన్ని ఆరిపోనిస్తాడు. ఇక నోరు విప్పుతాడు.

"దేవదారు చెక్క. అక్రోటు తొక్క. పోతూ పోతూ తేనె."

ఇలాంటి మాటలు నాలుగు. అంతకు మించి మాట్లాడడు. ఆ మాటల కోసమే దేవదారు పెట్టెల్లో సర్దిన ఆ ఖరీదైన చుట్టలు ఎక్కడెక్కడికో ఓడలెక్కి పోతాయి.

వాసనకు సొంత మాటలు లేవు, అదొక విచిత్రం. రంగుకు ఉన్నాయి, ఎరుపు, నలుపు, పసుపు. రుచికి ఉన్నాయి, తీపి, పులుపు, వగరు. వాసన దగ్గరికి వచ్చేసరికి ఎంతటి భాషయినా చేతులెత్తేసి పోలిక వెతుక్కుంటుంది. ఇది ఫలానాదానిలా ఉంది, అది మరోదానిలా ఉంది అనడమే తప్ప గతి లేదు. ఏ రేవులో దిగి చూసినా అత్తరు కలిపేవాళ్ళూ, తేయాకు రుచి చూసేవాళ్ళూ ఇలా పోలికల మీదే బతుకుతుంటారు. ముక్కుగారికి పని నేర్పిన పెద్దాయన మొదటి ఏడాదంతా చుట్ట ముట్టుకోనివ్వలేదు. తడిసిన పలక, పాత తోలు బెల్టు, అటక మీది పుస్తకం, అప్పుడే చీల్చిన కట్టె, అన్నీ కళ్ళు మూయించి వాసన చూపించాడు. "ముందు లోకాన్ని మూట కట్టుకో, తర్వాత పొగలో వెతుక్కో" అనేవాడు. ఆ మూట ఇప్పటికీ పదిలంగా ఉంది. దేవదారు అంటే ఏమిటో ముక్కుగారికి గుర్తుంది. రావడం మానేసింది, అంతే.

అందుకే మూడు నెలలు నెట్టుకు రాగలిగాడు. కింది హాల్లో రెండు వరసల బల్లల మీద ఇరవై నలుగురు చుడతారు. వంతుల వారీగా రోజుకు నలుగురి చుట్టలు ఒక్కొక్కటి మేడ మీద ఆయన గదికి వస్తాయి. ఎవరి చేయి ఎలాంటిదో ఆయనకు కంఠతా వచ్చు. పొగ వేడి నాలుకకు తెలుస్తుంది, చేదూ తీపీ నాలుకే చెబుతుంది, బూడిద ఎంత పొడవు నిలిచిందో కంటికి కనబడుతుంది. మిగతాది పాత మాటలతో పూడ్చేవాడు. పూడుస్తున్న ప్రతిసారీ వీపు మీద చెమట పట్టేది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. యజమాని దగ్గర్నుంచి గేటు మనిషి దాకా అందరికీ ఆయన ముక్కుగారు. ముక్కే పోయాక వెనక మిగిలిన గారును ఎవరు పలకరిస్తారన్నదే ఆయన భయం.

ఇక ఆ కార్ఖానాలో ఒక నియమం ఉంది. ముక్కుగారు చెప్పే దాకా ఆకు వాసన గురించి ఎవరూ పెదవి విప్పకూడదు, చెప్పాక ఎదురాడకూడదు. ఒక నోరు పుల్లగా ఉందంటే ఇరవై ముక్కులకు పులుపు తగులుతుంది, అందుకని ఇప్పటి యజమాని తాతగారు పెట్టిన నియమం. మంచిదే. పెట్టిన రోజున మంచిది కాని నియమం ఎక్కడుంది?

కింద, వెనక వైపు, పోగుల గది. ఎండిన ఆకును మనిషెత్తు పోగులు పెట్టి, తడి చూసుకుంటూ, లోపల వేడెక్కినప్పుడల్లా తిరగేస్తూ నెలల తరబడి మాగబెడతారు. ఆ గది ముక్కుగారి బావమరిది చేతిలో ఉంది. ఆయన భార్యకు సొంత తమ్ముడు. భుజం దాకా చెయ్యి పోగులోకి దూర్చి వేడి చెప్పేస్తాడు. అందుకే అతని చొక్కాల కుడిచేతులన్నీ గోధుమ రంగే. "నా చొక్కాలు కుట్టేవాడికి నేను రెండు రకాల గుడ్డ ఇస్తాను" అని అతనే నవ్వుతుంటాడు.

రెండు నెలల కిందట ఈ బావమరిది మేడ మీదికి ఒక చేతినిండా ఆకు పట్టుకొచ్చాడు.

"బావా, మూడో పోగు అడుగు పొర నాకెందుకో తేడాగా ఉంది. గోడ పక్క నేల చెమ్మగిల్లిందేమో. ఓసారి చూడు."

ముక్కుగారు ఆకులో మొహం పెట్టాడు. మెత్తగా ఉంది, చల్లగా ఉంది. గట్టిగా పీల్చాడు. ఖాళీ గదిలో పిలిచినట్టుంది. అప్పుడు చెప్పాల్సింది. మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ వచ్చింది వేరే మాట.

"బాగుంది."

"నిజంగానా?"

"ఏరా, నా ముక్కు కంటే నీ ముక్కు పెద్దదా?"

"అంత ముక్కుంటే పోగుల్లో ఎందుకు దొర్లుతాను బావా? నాకే జలుబు చేసుంటుంది" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

మూడో పోగు బల్లల మీదికి వచ్చింది. చుట్టే ఇరవై నలుగురికీ తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. ఒక్కరూ మాట్లాడలేదు. ముక్కుగారు బాగుందన్నాక ఇక తమ ముక్కుకే ఏదో అయిందని చాలామంది అనుకున్నారు. ఒకావిడ ముక్కులో వేసుకునే చుక్కల మందు కూడా కొనుక్కుంది. అలా నియమం తప్పకుండా, వంచిన తల ఎత్తకుండా, నెల రోజులు బూజు ఆకు చుట్టారు.

పెట్టెలు తిరిగొచ్చాయి. వాటితోపాటు ఉత్తరం. సగం కాలేసరికి చుట్ట తడి గోనెలా కంపు కొడుతోందనీ, ముప్ఫై ఏళ్ళ బేరంలో ఇలాంటిది ఎరగమనీ రాశారు. యజమాని అందరినీ హాల్లో నిలబెట్టాడు. యాభై దాటి బట్టతల వచ్చినా ఆయన్ని అందరూ ఇప్పటికీ చిన్నబాబనే అంటారు. చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, ఏ చిక్కునైనా లెక్కలా విడగొట్టి చూస్తాడు. ఈ చిక్కునూ అలాగే విడగొట్టాడు.

"ముక్కుగారు మూడో పోగు బాగుందన్నారు. ఆయన బాగుందంటే బాగున్నట్టే. కాబట్టి చుట్టింది మూడో పోగు కాదు. కాదంటే తీసి పక్కన పడేసిన పాడు పోగు. అది బల్లల మీదికి ఎలా వచ్చింది? తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

అందరూ బావమరిది వైపు చూశారు. బావమరిది తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"నేను పొరపడ్డానేమో బాబూ" అన్నాడు. "పడినట్టు గుర్తు లేదు. కానీ బావ చెప్పాక మరి... నేనే ఎక్కడో తారుమారు చేసుంటాను."

"శనివారం తాళాలు అప్పజెప్పండి" అన్నాడు చిన్నబాబు, కోపం లేకుండానే.

ముక్కుగారు మెట్ల మీద నిలబడి ఇదంతా విన్నాడు. తనను ఎవరూ నిందించలేదు. నిందించాల్సిన వాడు కూడా తన మాటే నమ్మి, చెయ్యని తప్పు కోసం బుర్రంతా వెతుక్కుంటున్నాడు. దానికంటే ఒక చెంపదెబ్బ నయం.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య వరండాలో కూర్చుని ఉంది.

"తమ్ముడొచ్చి వెళ్ళాడు. ఏ రోజు తప్పు చేశాడో గుర్తు రావడం లేదట. పరీక్షకు చదివేవాడిలా కళ్ళు మూసుకుని తేదీలు వల్లె వేసుకుంటున్నాడు."

ఆయన చెప్పులు విప్పుతూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏమండీ, ఇలా రండి. నా చేతులు వాసన చూడండి."

చూశాడు. వంట చేసి వచ్చిన చేతులు.

"ఉల్లిపాయ" అన్నాడు.

"గులాబీ సబ్బు."

ఆ ఇంట్లో ఆ మాట వినబడటమే వింత. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ వాసన సబ్బు వాడలేదు, వాసన నూనె రాసుకోలేదు. ఆయన ముక్కుకు అడ్డం వస్తుందని బట్టలుతికే చప్పటి సబ్బుతోనే స్నానం. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు పక్కవాళ్ళ చీరల మీది అత్తరు పీల్చుకుని అదే చాలనుకునేది.

"పది రోజుల నుంచీ దాంతోనే స్నానం చేస్తున్నాను" అంది ఆవిడ. "పాలు మాడితే మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు చూడండి, అప్పుడొచ్చింది అనుమానం. మొదటి రోజు సబ్బు కంపేమిటని అరుస్తారేమోనని భయపడ్డాను. రెండో రోజు అరిస్తే బాగుండునని చూశాను. మూడో రోజు స్నానాల గదిలోనే ఏడ్చాను."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్పలేదేం?"

వీధిలో సైకిలు మీద పోతున్న ఎవరో ముక్కుగారికి నమస్కారం పెట్టి పోయాడు.

"వాసన పోతే పోయిందండీ" అంది ఆవిడ. "అది మీ చేతిలో లేదు. వాడి పేరు మాత్రం మీ చేతిలోనే ఉంది."

మర్నాడు ముక్కుగారు నేరుగా హాల్లోకి వెళ్ళాడు. చిన్నబాబు అక్కడే ఉన్నాడు. బల్లల మధ్య నిలబడి, జ్వరం దగ్గర్నుంచి మూడో పోగు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. ఇన్నాళ్ళూ దాచిన పరువంతా నేల మీద కుమ్మరించినట్టయింది.

చిన్నబాబు ఆయన్ని జాలిగా చూశాడు.

"మీ మంచితనం నాకు తెలియనిది కాదు. ఇంట్లో అమ్మగారు కంటతడి పెట్టుకుని ఉంటారు."

"కాదు బాబూ. నిజంగానే నాకు వాసన తెలియడం లేదు."

"మొన్ననే కదండీ నలుగురి చుట్టలు కాల్చి చెప్పారు? ఒక్కటీ తప్పు చెప్పలేదు."

"తప్పు చెప్పలేదని మీకెలా తెలుసు?"

"మీరే చెప్పారు కదా."

బావమరిది ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావా, నా కోసం నీ పేరు ఎందుకు మట్టి చేసుకుంటావు? నాకు గుర్తొస్తుంది. వానలు పడిన వారంలోనే ఎక్కడో జరిగుంటుంది. ఊరుకో."

ఇంత పెద్ద నిజం చెప్పి, అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుందని ముక్కుగారు ఏనాడూ అనుకోలేదు. మూడు నెలల అబద్ధాన్ని నెత్తిన పెట్టుకున్న హాలు, మూడు నిమిషాల నిజాన్ని కొట్టిపారేసింది.

అప్పుడు మొదటి బల్ల దగ్గర్నుంచి పెద్దక్క తలెత్తింది. హాల్లో అందరి కంటే ముందు చేరిన మనిషి. చిన్నబాబు నిక్కర్లు వేసుకుని బల్లల కింద దూరే రోజుల నుంచీ ఆవిడ అక్కడే చుడుతోంది.

"రేపు పొద్దున నేనొక చుట్ట చుట్టిస్తాను. అందరి ముందూ కాల్చి చెప్పనివ్వు బాబూ. తేలిపోతుంది."

"తెలిసి కూడా తెలియదంటే?"

"అనడు. తమ్ముడి సంగతి నాకు తెలుసు" అని ముక్కుగారిని ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడింది.

ఆ రాత్రి ముక్కుగారు ఒక నిశ్చయానికి వచ్చాడు. ఏది కాల్చినా, ఏది తోచినా, తెలియడం లేదనే అనాలి. ఒక్క ముక్క. అంతకంటే సులువు ఏముంది?

పొద్దున హాలు మధ్యలో ఆయన కుర్చీ, మంచినీళ్ళు, పింగాణీ పళ్ళెం సర్ది ఉన్నాయి. పెద్దక్క చుట్ట తెచ్చి చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ కిటికీ వైపు తిప్పి చూశాడు. కంటికి ఎంత అందమైన చుట్ట! ఈనె ఎక్కడా పైకి లేవలేదు. నొక్కాడు, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే బిగువు. కోశాడు, కాచాడు, మొదటి గుక్క లాగాడు. నాలుక మీద వెచ్చగా, నూనెలా జారింది. కొంచెం చేదు, వెనకే కొంచెం తీపి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

రెండో గుక్కకు ఏదో కదిలినట్టనిపించింది. చాలా దూరం నుంచి ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు. ఊపిరి బిగబట్టాడు. మూడో గుక్క. ఇదిగో, ఇది దేవదారు కాదూ? అప్పుడే రంపం పెట్టిన చెక్క, రంపపు పొట్టుతో సహా. వచ్చింది. వచ్చేసింది. బావమరిది, శనివారం, తాళాలు, అన్నీ ఎక్కడో కిందికి జారిపోయాయి. మూడు నెలల ఆకలి మీద ఉన్న మనిషి, వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టయ్యాడు.

"దేవదారు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "కొత్త చెక్క. దాని కింద అక్రోటు, పొట్టు తీయనిది. అక్కా, ఈసారి తోలు కూడా ఉంది, పాత జీను మీద ఎండ పడితే వచ్చే వాసన. ఆహా, ఎంత నిదానంగా వస్తోంది. ఇప్పుడు తేనె. ముదురు తేనె, పట్టు అడుగున మిగిలేది. నీ చేతి చుట్టల్లో ఇంత శుభ్రమైనది నేను కాల్చలేదు."

ముప్ఫై నాలుగేళ్ళలో అన్ని మాటలు ఏ చుట్టకూ చెప్పలేదు. అలాంటి మాటలకు చిన్న నిట్టూర్పులు, బల్లల మీద చేతులు కదిలిన సవ్వడి వినబడతాయని ఎదురుచూశాడు. అవేవీ రాలేదు. ఎవరో దగ్గారు. ఒక కుర్చీ వెనక్కి జరిగింది. మరెవరో కిటికీ రెక్క తోశారు.

కళ్ళు తెరిచాడు.

ఇరవై ముగ్గురు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చిన్నబాబు జేబురుమాలు మొహానికి అదుముకుని గోడకు ఆనుకున్నాడు. బావమరిది తన గోధుమ రంగు చొక్కా చేతిలో మొహం దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దక్క ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడి, ఏ అడ్డూ పెట్టుకోకుండా ఆయన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు పొగ వల్లో మరి దేని వల్లో తెలియదు.

"ఏం పెట్టావక్కా ఇందులో?"

"నా జడ వెంట్రుకలు. పైఆకు కింద ఒక చిన్న పాయ."

కాలిన వెంట్రుకల కంపు ఎలాంటిదో ఆయనకు గుర్తుంది. మూటలో అదీ ఉంది. అది మాత్రం రాలేదు.

చుట్టను పళ్ళెంలో పెట్టాడు. నలపలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు మంచం దిగి వచ్చిన రెండు వారాలకే. ఎండాకాలం ఒకలా చుడతాను, వాన పట్టాక ఒకలా చుడతాను. రెండుసార్లు వరసగా ఒకే మాట అన్నవాడివి కాదు నువ్వు. ఇప్పుడు నా వంతు వచ్చిన ప్రతిసారీ దేవదారు, అక్రోటు, తేనె. పాఠం అప్పజెప్పినట్టు."

"మరి మూడో పోగు బల్ల మీదికి వచ్చినప్పుడు కూడా చెప్పలేదేం?"

"ముందు నువ్వు చెప్పాలి కదా తమ్ముడూ" అంది పెద్దక్క. "నియమం."

చిన్నబాబు రుమాలు దించాడు. లెక్క మొదటి మెట్టులోనే తప్పిందని తెలిసినవాడి మొహం అది. శనివారం దాకా ఆగకుండా ముందుగానే తెప్పించుకుని జేబులో వేసుకున్న పోగుల గది తాళాలు తీసి, బావమరిది ముందు బల్ల మీద పెట్టి, గాలి కోసం బయటికి వెళ్ళిపోయాడు. బావమరిది తాళాలు ముట్టుకోలేదు. "కళ్ళు తెరవకుండా ఉండాల్సింది బావా" అన్నాడు.

సోమవారం నుంచి నియమం మారింది. ఎవరి బల్ల మీది ఆకు వాసన వాళ్ళే చూసుకోవాలి, తేడా ఉంటే అప్పటికప్పుడే చెప్పాలి. ముక్కుగారిని పంపించెయ్యలేదు. బిగువు చూడటానికి ఆ వేళ్ళు, కాలడం చూడటానికి ఆ కళ్ళు ఇంకా కావాలన్నారు. మేడ మీది గదికి తాళం వేసి, హాల్లోనే కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చారు. భార్య ఆ పొద్దున ఏ సబ్బుతో స్నానం చేసిందో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బావమరిది నాలుగో పోగు ఆకు తెచ్చి బల్లలకు పంచాడు. ఇరవై నలుగురూ ఆకు మొహానికి ఆనించుకున్నారు. ఇన్నేళ్ళలో ఇలా బాహాటంగా చెయ్యడం ఇదే మొదలు.

చుక్కల మందు కొనుక్కున్న ఆవిడ నెమ్మదిగా అంది.

"కొంచెం పచ్చిగా ఉందేమో... ఇంకో వారం మాగాలేమో అనిపిస్తోంది నాకు."

అనేసి, ముక్కుగారి వైపు చూసింది. ఆవిడతోపాటు మిగతా అందరూ, మొదటి బల్ల దగ్గర పెద్దక్కతో సహా, ఆకు చేతుల్లో అలాగే పట్టుకుని ఆయన వైపే చూశారు.

ముక్కుగారు చేతిలో ఉన్న చుట్టను వెలుతురు వైపు తిప్పి, దాని ఈనెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.